ఏ సినిమా చూడాలో చెప్పినందుకు

డెబ్భైల చివర్లో నేను విశాఖ రేవులో ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి ఇరవయ్యేళ్లకే పట్నం వచ్చి పడ్డాను. శుక్రవారం నాకు సెలవు. కొత్త సినిమాలు విడుదలయ్యేదీ ఆ రోజే. మార్నింగ్ షో ఒకటి, మ్యాట్నీ ఒకటి చూసి ఇంటికి వచ్చేవాణ్ణి. శనివారం పనిలోకి రాగానే టూల్ రూమ్ ఇనుప తలుపు మీద సుద్దముక్కతో రెండు మూడు వరుసలు రాసేవాణ్ణి. ఊళ్లో ఆడుతున్నవాటిలో ఏది చూడొచ్చు, ఏది చూడక్కర్లేదు, అంతే.

‘ఏడుపు ఎక్కువే గాని నిజమైన ఏడుపు. ఆడవాళ్లని తీసుకెళ్లండి.’ ‘పాటలప్పుడు టీకి వెళ్లి, ఫైటింగులకి లోపలికి రండి.’ ‘విలన్ కోసం చూడండి. మిగతావాళ్లని క్షమించండి.’ ఇలాంటివి. మొదట్లో మా షెడ్డువాళ్లే చదివి నవ్వుకునేవారు. ఏడాది తిరిగేసరికి పక్క షెడ్లవాళ్లు, డాక్ మీద కళాసీలు కూడా శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి చూసుకుని పోయేవారు. చదువురానివాళ్లు పక్కవాడిచేత చదివించుకునేవారు. వారానికి ఒక్క సెలవు దొరికే మనిషి పెళ్లాం పిల్లల్ని బస్సెక్కించుకుని సినిమాకి వెళితే, అది బాగాలేకపోతే ఆ వారమంతా వాడి మొహం మాడిపోయి ఉండేది. అందుకని నేను ఆ పనిని సరదాగా మొదలుపెట్టినా తర్వాత సరదాగా తీసుకోలేదు.

సినిమా చూడ్డం నాకు నేర్పినవాడు పాత ఊళ్లో ఒక థియేటర్ ప్రొజెక్టర్ ఆపరేటరు. వాళ్ల నాన్న రేకు పెట్టెలు చేసే ముస్లిం. ఇతను మాత్రం పదహారేళ్లకే ప్రొజెక్టర్‌లో మండే కార్బన్ కడ్డీల వెలుగులోకి వెళ్లిపోయాడు. ఒక్కో సినిమాని యాభైసార్లు చూసినవాడు. తెర చూడొద్దు భాయ్, బెంచీలవైపు చూడు అనేవాడు. జనం ఎప్పుడు కదులుతున్నారో, ఎప్పుడు బీడీ వెలిగించడం మర్చిపోయారో చూస్తే సినిమా సంగతి తెలిసిపోతుందని చెప్పేవాడు. నా రాతలన్నీ చాలావరకు అతని కళ్లతో చూసి రాసినవే.

ఆ రోజుల్లో రేవులో ఒక వించి డ్రైవరు ఉండేవాడు. ఓడలోంచి సరుకు పైకి లాగే యంత్రం నడిపేవాడు. పెద్ద మనిషి, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఒక పెద్ద హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఆ హీరో కొత్త సినిమా విడుదలైన శుక్రవారం పొద్దున నేను థియేటర్ దగ్గరికి వెళ్లేసరికి కటౌట్ కాళ్ల దగ్గర మేకపోతుని కొట్టారు. వేటు సరిగ్గా పడలేదు. మేక సగం తెగిన మెడతో జనంలోకి పరిగెత్తింది. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పక్కకి జరిగారు. వించి డ్రైవరు దాన్ని కొమ్ములు పట్టి ఈడ్చుకొచ్చి, రెండోవేటు తనే వేసి, ఆ రక్తంలో అరచెయ్యి ముంచి కటౌట్ పాదాలకి పూశాడు. ఆ చేత్తోనే నుదుట బొట్టు పెట్టుకున్నాడు.

సినిమా ఏమీ బాగాలేదు. బెంచీలవాళ్లు ఈలలు వేశారు గాని, రెండో సగంలో ఈలలు వేసేవాళ్లు కూడా అలిసిపోయారు. శనివారం నేను తలుపు మీద రాశాను: ‘పాటలు పర్లేదు. కథ లేదు. హీరో పరిగెత్తుతుంటే ఆయాసం మనకి వస్తుంది.’

చివరి మాట రాయకుండా ఉండాల్సింది. మధ్యాహ్నానికి అది డాక్ అంతా పాకింది. వించి డ్రైవరు నడిచి వస్తుంటే ఎవడో వెనకనుంచి ఆయాసపడుతున్నట్టు రొప్పి చూపించాడట. ఇంకొకడు మంచినీళ్ల గ్లాసు అందించాడట.

మూడు గంటలకి షిఫ్టు మారుతున్నప్పుడు అతను వచ్చాడు. వెనక మరో ముగ్గురు. మా షెడ్డువాళ్లు బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయారు. నేను టూల్ రూమ్‌లో స్పానర్లు లెక్కచూసి పెడుతున్నాను. అతను నన్ను కాలరు పట్టుకుని తలుపు ముందు నిలబెట్టాడు. ఇది నువ్వే రాసినావా అని అడిగాడు. నేనే అన్నాను. భయం లేదని కాదు. అబద్ధమాడ్డానికి వ్యవధి లేదు.

“నాలికతో సెరుపు,” అన్నాడు.

నేను చెయ్యి ఎత్తి తుడవబోయాను. ఆ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు. నా జుట్టు పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. మొదటి దెబ్బకి ముక్కు. రెండో దెబ్బకి ముందు పళ్లు రెండు ఊడి నోట్లోనే ఉండిపోయాయి. మూడోది ఎక్కడ తగిలిందో నాకు తెలియదు. అతను అరవలేదు. చాలా మామూలుగా, పనిలో ఎవరికో చెప్పినట్టు, సెరుపు, సెరుపు అంటూనే ఉన్నాడు. చివరికి నేను నాలిక పెట్టాను. సుద్ద, తుప్పు, నా రక్తం. ‘ఆయాసం’ అన్న మాట చెరిగేదాకా వదల్లేదు.

దానితో పోయేది. కాని ముగ్గురిలో ఒకడు, రాసిన సెయ్యి ఇదే కదా అన్నాడు. నా కుడిచేతి వేళ్లు తలుపుకీ గుమ్మానికీ మధ్య పెట్టి తలుపు వేశారు. చప్పుడు ముందు విన్నాను, నొప్పి తర్వాత వచ్చింది. చూపుడువేలు, మధ్యవేలు. ఇప్పటికీ ఆ రెండూ పూర్తిగా ముడుచుకోవు.

పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాను. నా భార్య మా మేనమామ కూతురు. అప్పుడు ఆరో నెల. మంచం పక్కన కూచుని గంజి తాగిస్తూ ఒకే మాట అనేది. “బావా, ఇక్కడితో ఇడిసిపెట్టీ. నీకేటైనా అయితే నానేటి సేసుకోను?” ఆపరేటరు కూడా ఫ్లాస్కులో టీ పట్టుకుని రోజూ వచ్చేవాడు. ఆ సినిమా మూడు వారాల్లో ఎత్తేస్తారు, నువ్వు రాసిందే నిజమని ఊరంతటికీ తెలుస్తుంది, ఇంకేం కావాలి అనేవాడు. సరిగ్గా మూడో వారం ఎత్తేశారు. ఆ కబురు విన్నప్పుడు నాకు ఏ సంతోషమూ కలగలేదు. నాలిక మీద తుప్పు రుచి పోలేదు. అన్నం తింటున్నా అదే, నీళ్లు తాగుతున్నా అదే.

పనిలోకి తిరిగి వెళ్లాక తలుపు మీద రాయలేదు. కట్టు ఉంది, రాయలేను కూడా. అయినా మా షెడ్డువాళ్లు అడుగుతూనే ఉండేవారు. ఆ నెలలోనే ఆపరేటరు థియేటర్‌కి ఒక చిన్న సినిమా వచ్చింది. నలుపు తెలుపు. అందులోవి ఏవీ మనకి తెలిసిన మొహాలు కావు. ఉప్పు మళ్లలో పనిచేసే ఒక ఆడమనిషి కథ. మొగుణ్ణి మేస్త్రీ ఒక దొంగతనంలో ఇరికించి జైలుకి పంపిస్తాడు. ఆమె ఆ మేస్త్రీ దగ్గరే కూలికి వెళ్లి బతకాలి. పాటలు లేవు, ఫైటింగులు లేవు. మొదటి రోజు బెంచీల్లో ముప్పైమంది కూడా లేరు. కాని ఆ ముప్పైమందిలో ఒక్కడూ కదల్లేదు. నేను షెడ్డులో అందరికీ నోటితో చెప్పాను, ఈ ఏడాదిలో ఒక్క సినిమా చూస్తే ఇది చూడండి, ఇంట్లోవాళ్లతో చూడండి అని.

తర్వాతి శుక్రవారం మ్యాట్నీకి నేను మళ్లీ వెళ్లాను. జనం బాగానే వచ్చారు. సినిమా సగంలో ఉండగా నాకు నాలుగు వరుసల ముందు వించి డ్రైవరు కనిపించాడు. పక్కన అతని భార్య. తెర మీద ఆ ఆడమనిషి పగిలిన కాళ్లతో ఉప్పు నీళ్లలోకి దిగుతోంది. ఆ వెలుగులో చూశాను, అతను ఏడుస్తున్నాడు. దాచుకోకుండా, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ.

ఇక్కడ నేను సర్దిచెప్పుకోవడానికి ఏమీ లేదు. అతను ఏడుస్తున్నాడని చూశాకే నేను లేచాను. చూడకపోతే కొట్టకపోదునేమో కూడా. నా చేత నాలికతో తలుపు నాకించినవాడు ఎవరో తెరమీద మనిషి కాళ్లు పగిలితే ఏడుస్తాడా అనిపించింది. నెలరోజులుగా నా సంచిలో ఒక స్పానరు తిరుగుతోంది. ఎందుకు పెట్టుకున్నానో నాకు తెలుసు, నా భార్యకీ తెలుసు.

ఇంటర్వెల్‌లో అతను సోడా బండి దగ్గర భార్యకి సోడా కొట్టిస్తున్నాడు. నేను వెనకనుంచి వెళ్లి ఎడమచేత్తో కొట్టాను. కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి గురి తప్పింది. నడినెత్తికి అనుకున్నది ఎడమచెవి మీద పడింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. చెవిలోంచి రక్తం మెడమీదుగా చొక్కాలోకి దిగింది. నేను ఆగలేదు. భుజం మీద ఒకటి, వీపు మీద రెండు. అతని భార్య నా చెయ్యి పట్టుకుని వేలాడింది. ఆమెను విదిలించేశాను. సోడా సీసాల మీద పడి ఆమె మోచెయ్యి చీలింది. ఇంకో దెబ్బకి ఎత్తేసరికి పైనుంచి ఆపరేటరు దిగొచ్చి నన్ను వెనకనుంచి గట్టిగా వాటేసుకున్నాడు.

“బస్ భాయ్, చచ్చిపోతాడు,” అన్నాడు నా చెవిలో.

ఆ సాయంత్రమే పోలీసులు నన్ను పట్టుకెళ్లి స్టేషన్‌లో పెట్టారు కాబట్టి బతికాను. అభిమాన సంఘం వాళ్లు మర్నాడు మార్నింగ్ షోకి థియేటర్ మీద పడ్డారు. నేను దొరకలేదు. నన్ను ఆపినవాడు దొరికాడు. ఆపడం కాదు, పట్టుకుని కొట్టించాడని వాళ్లు చెప్పుకున్నారు. తెరని కత్తితో పైనుంచి కిందకి చీల్చారు. బూత్‌లోకి ఎక్కి ఆపరేటరుని కాళ్లు పట్టుకుని ఇనుప మెట్లమీదుగా కిందకి ఈడ్చారు. పధ్నాలుగు మెట్లు. మోకాలి చిప్ప పగిలింది. ఆ కాలితో రోజంతా బూత్‌లో నిలబడడం ఇంక కుదరలేదు. అతను మళ్లీ ప్రొజెక్టర్ ముట్టుకోలేదు.

స్టేషన్‌లో నామీద హత్యాప్రయత్నం రాయబోయారు. సాక్ష్యానికి వించి డ్రైవరు భార్యని పిలిచారు. మోచేతికి కట్టుతో వచ్చింది. నేను తల వంచుకుని నేలమీద కూచుని ఉన్నాను. ఎస్సై జరిగింది చెప్పమన్నాడు.

“ఇతగాడే కొట్టినాడు బాబూ. నా కళ్లెదరే,” అంది. “కాని ముందర మాయాయనే ఇతగాడి పళ్లు రాలగొట్టి, ఏళ్లు ఇరగ్గొట్టినాడు. అదీ రాయండి.”

వెనక నిలబడ్డ సంఘంవాళ్లు ఆమెను తిట్టారు. ఆమె మాట మార్చలేదు. రెండూ రాస్తే రెండువైపులా జైలుకి వెళ్లాలి. చివరికి పెద్దమనుషులు కూచుని రాజీ చేయించారు. నా ఉద్యోగం పోయింది. వించి డ్రైవరు ఉద్యోగం ఉంది గాని ఎడమచెవి పూర్తిగా పోయింది. కింద సిగ్నల్ ఇచ్చేవాడి ఈల వినపడనివాణ్ణి వించి మీద కూచోబెట్టరు. గోడౌను కాపలాకి వేశారని తర్వాత విన్నాను.

నాకు బిడ్డ పుట్టిన వారం నేను ఉక్కు కర్మాగారం కట్టే చోట కంట్రాక్టరు కింద పనికి వెళ్తున్నాను. ఏళ్లపాటు అక్కడ ఇనుప దూలాల మీద బతుకు. తోటివాళ్లు ఏ సినిమా బాగుందని ఒకరినొకరు అడుగుతుంటే నేను లేచి అవతలికి పోయేవాణ్ణి. సినిమాలు చూడ్డం మానేశాను. ఎనభైల చివర్లో ఉద్యోగం ఖాయమై ఉక్కునగరంలో క్వార్టరు వచ్చింది. అప్పటికి ఊళ్లోకి టీవీ వచ్చేసింది. మేడలమీద అల్యూమినియం యాంటెన్నాలు కాకుల కోసం కట్టినట్టు ఉండేవి. నా భార్య పట్టుబట్టి టీవీ కొనిపించింది.

ఆపరేటరు మద్దిలపాలెంలో బస్ డిపో ఎదురుగా టీవీ రిపేరు షాపు పెట్టుకున్నాడు. మా టీవీలో బొమ్మ దొర్లిపోతుంటే ఒక ఆదివారం పొద్దున దాన్ని దుప్పటిలో చుట్టి బస్సులో అక్కడికి మోసుకెళ్లాను. షాపులో ఒక సెట్టు ఆన్‌లో ఉంది. ఢిల్లీనుంచి వచ్చే హిందీ సీరియల్, ఒక చిన్న రైల్వే స్టేషన్ మాస్టరు, అతని ముగ్గురు చెల్లెళ్ల కథ. ఏడెనిమిదిమంది నిలబడి చూస్తున్నారు. స్టూలు మీద ఒక పెద్ద మనిషి కుడిచెవిని టీవీ వైపు తిప్పి కూచున్నాడు. మెడ చూసి గుర్తుపట్టాను.

టీవీ కింద పెట్టేలోగా అతనూ నన్ను చూశాడు. లేచాడు. నేను కదల్లేదు. అరచెయ్యి తెరిచి నా ఎడమచెవి మీద ఒక్కటి కొట్టాడు. నేను వెనక గోడకి తగిలి, అక్కడి అట్టపెట్టెలతో సహా పడ్డాను. తల లోపల చాలాసేపు ఒకే గంట మోగింది. జనం బయటికి పోయారు. ఆపరేటరు కుంటుకుంటూ మా మధ్యకి వచ్చాడు. ఎవర్నీ పట్టుకోలేదు.

“ఇంకా కొట్టాలంటే బయట కొట్టుకోండి. నాకు ఒక కాలే ఉంది,” అన్నాడు.

వించి డ్రైవరు తన అరచెయ్యి చూసుకుని మళ్లీ స్టూలు మీద కూచున్నాడు. నేను లేచి, వెళ్లిపోదామనుకుని, వెళ్లలేదు. సీరియల్ ఇంకా నడుస్తోంది. మాకిద్దరికీ హిందీ రాదు. ఆపరేటరు ఏమీ జరగనట్టు, ప్రతి ఆదివారంలాగే, అతని కుడిచెవి దగ్గర వంగి ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నాడు. నేను ఆ మాటలు విన్నాను. చివరి చెల్లెలు ఇంట్లోంచి వెళ్లిపోతుంది, అన్నకి రైలుని ఆపే అధికారం ఉంది, ఆపడు. పచ్చజెండా ఊపుతాడు. ఆ మనిషి మొహాన్ని కెమెరా చాలాసేపు చూపించింది, ఒక్క మాట లేకుండా. ఎన్నేళ్ల తర్వాతో నాకు ఒక మంచి పనితనం చూశానన్న తృప్తి కలిగింది. చెవి మంటపెడుతూనే ఉంది.

అయిపోయాక వించి డ్రైవరు నావైపు చూడకుండా అడిగాడు. “ఆ ఉప్పు మళ్ల సినిమా. సగమే సూసినాను. తరవాత ఏటయ్యింది?”

అతని కుడివైపుకి వెళ్లి కింద కూచుని చెప్పాను. మొగుడు జైలునుంచి వస్తాడు. మేస్త్రీని ఉప్పు గుట్టల మధ్య నరికి చంపుతాడు. చూసినది ఆమె ఒక్కతే. కోర్టులో ఆమె లేచి, నా మొగుడే చంపాడని చెబుతుంది. అతన్ని తీసుకుపోతారు. ఆమె మర్నాడు ఎప్పటిలాగే మళ్లలోకి దిగుతుంది.

“సొంత మొగుడి మీద సెప్పీసిందా?”

“సెప్పీసింది.”

అతను రోడ్డుమీద పోయే బస్సులు చూశాడు. తర్వాత, మాయావిడకి ఆ సినిమా కథ నువ్వు సెప్పకు అన్నాడు. అది కోపమో, నవ్వో నాకు తెలియలేదు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు మేము ముగ్గురం ఆ షాపులో కూచున్నాం. స్నేహమని అనలేను. మేమిద్దరం ఒకరి ఇంటి సంగతి ఒకరం అడగలేదు. స్టేషన్ మాస్టరు సీరియల్ గురించి మాత్రం నేను షిఫ్టు బస్సులో చెప్పాను, ఆదివారం పదింటికి పని ఉన్నా మానుకుని చూడండి, భాష రాకపోయినా ఆ మొహం చూడండి అని. చెబుతూ కుడిచెయ్యి జేబులో దాచుకున్నాను. బస్సులోవాళ్లకి ఎందుకో తెలియదు. మరుసటి వారం నలుగురు వచ్చి బాగుంది బావా అన్నారు. మెల్లగా మళ్లీ అడగడం మొదలుపెట్టారు, నేనూ చెప్పడం మొదలుపెట్టాను. బాగాలేనిదాన్ని బాగాలేదనే చెప్పేవాణ్ణి. మనుషుల మీద వెటకారం మాత్రం మానేశాను.

ఒక శనివారం సాయంత్రం టీవీలో మంచి తెలుగు సినిమా వేస్తున్నారని తెలిసి, వించి డ్రైవరుని భార్యతో మా క్వార్టరుకి రమ్మన్నాను. వస్తారనుకోలేదు. వచ్చారు. నా భార్య కుర్చీలు వేసింది. అతను లోపలికి వచ్చి కూచున్నాడు. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. మోచేతి మీద తెల్లటి గీత పొడుగ్గా కనిపిస్తోంది.

“ఆ దినం ఆ సినిమాకి తీస్కెల్లమన్నది నానే బాబూ,” అంది నాతో. “నువ్వు మంచిదని సెప్పినావంట, డాక్ మీద ఆడోళ్లందరూ అనుకున్నారు. ఈయన రానంటే నానే ఏడిసి తీస్కెల్లినాను.”

క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

“సినిమా మంచిదే. సగమైనా మంచిదే,” అంది. “కాని ఇంకెప్పుడూ ఏదీ సూడమని మా ఇంట్లో ఎవులికీ సెప్పకు.”

నా భార్య ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు గడప పక్కన పెట్టి, మొగుడు సినిమా చూసేదాకా బయట మెట్లమీద కూచుంది. నా భార్య కూడా వెళ్లి ఆమె పక్కన కూచుంది. లోపల మేమిద్దరం ఆ సినిమా మొత్తం చూశాం. బాగుంది. అతనితో ఆ మాట నేను అనలేదు.